పదకొండు నిమిషాల ముందే

ఈశ్వరి వేరుశనక్కాయలు ఒలుస్తూ “ఆ... ఈ... ఊ...” అని పలికింది. ఎదురుగా ఎవరూ లేరు. మెడ చుట్టూ పట్టీలా అంటుకొని ఉన్న కంఠకావలి అనే పరికరం ప్రతి పావుగంటకూ ఆమెను అలా పలకమంటుంది. గొంతులో జీర వచ్చిందా, చర్మం కింద వాపు వెంట్రుక మందమైనా పెరిగిందా, ఊపిరి లయ మారిందా అని చూసుకొని, పచ్చగా ఒకసారి మెరిసి ఊరుకుంటుంది.

ఆ రోజు పొద్దున్నే నంద్యాల శస్త్రచికిత్స కేంద్రంలో ఆమె థైరాయిడ్ గ్రంథిని తీసేశారు. పది గంటలకల్లా ఇంటికి పంపేశారు. ఒకప్పుడు ఇలాంటి ఆపరేషన్ అయినవాళ్లను వార్డులో ఉంచి, నర్సులు గంటగంటకూ మెడ తడిమి చూసేవారట. కుట్ల లోపల రక్తం కారితే దానికి బయటికి దారి ఉండదు. అక్కడే గడ్డకట్టి గాలిగొట్టం చుట్టూ బిగుసుకుంటుంది. మనిషికి ఆయాసం మొదలైందంటే మిగిలేవి కొద్ది నిమిషాలే. కంఠకావలి వచ్చాక ఆ వార్డులన్నీ మూతపడ్డాయి. ఎదురింట్లో బట్టలు కుట్టే మస్తానమ్మ పోయిన నెల ఇదే ఆపరేషన్ చేయించుకొని, మెడకు కావలి ఉండగానే ఆ సాయంత్రం మిషను ముందు కూర్చుంది.

ఈశ్వరి భర్త మద్దిలేటి బోరు మోటార్లు బాగుచేస్తాడు. ఆ రోజు పనికి పోలేదు. కూర్చుంటే లేవడం, లేస్తే ఆమె మెడకేసి చూడడం, అదే అతని పని.

“ఊరికే నా గొంతు సూడొద్దయ్యా, నాకే భయమైతాంది.”

“ఏంలేదు లే. మజ్జిగ తాగుతావా?”

“ఇప్పుడే కదా తాగింది.”

మూడు దాటాక బయట గాలి లేచింది. ఎర్రటి దుమ్ము కిటికీలను కమ్మేసింది. మద్దిలేటి తలుపు గొళ్లెం పెట్టి వెనక్కి తిరిగేసరికి ఈశ్వరి మెడ మీద పచ్చరంగు లేదు. నారింజరంగు వెలుగుతోంది.

“మద్దిలేటి గారూ,” అని కంఠకావలి నెమ్మదైన ఆడగొంతుతో పిలిచింది. “కండరాల కింద రక్తస్రావం మొదలైంది. పదకొండు నిమిషాల్లో శ్వాసమార్గం ఇరుకవుతుంది. ఆకాశ అంబులెన్సుకు కబురు పంపాను. ఈదురుగాలి వల్ల అది పంతొమ్మిది నిమిషాలకు గానీ రాలేదు. విడుపుదారాన్ని మీరే లాగాలి.”

కేంద్రంలో పొద్దున అతని చేత ఆ పని బొమ్మ మెడ మీద మూడుసార్లు చేయించారు. లోపలి కుట్టూ పైకుట్టూ ఒకే దారంతో వేసి, ఎర్రటి కొసను కావలి అంచున వదులుతారు. మొదటిసారి లాగితే చర్మం విడుతుంది. రెండోసారి లాగితే కింది కండరాల పొర తెరుచుకుంటుంది. చేరిన రక్తం బయటికి వస్తుంది.

ఈశ్వరి చేటను పక్కన పెట్టింది. “దీనికేదో తిక్క పట్టింది. నాకేం కాలేదు. సూడు, బాగనే మాట్లాడతాండా కదా.”

నిజమే, బాగానే మాట్లాడుతోంది. మెడ ఉబ్బలేదు. ముఖంలో తేడా లేదు.

“రక్తస్రావం పెరుగుతోంది,” అంది కావలి. “తొమ్మిది నిమిషాలు.”

“ఈశ్వరీ, కొంచెం పండుకో.”

“నేను పండుకోను. అంబులెన్సు రానీ. వాళ్లు సూసి చెప్పనీ.”

“అది వచ్చేసరికి...”

“నా గొంతు నువ్వు కోస్తావా?”

ఆమె చెప్పేది వింటే చాలు, తన చేతికి రక్తం అంటదు. కావలి చెప్పేది నిజమైతే మాత్రం ఎనిమిది నిమిషాల తరువాత ఆమె తనతో వాదించే స్థితిలో ఉండదు. అతను వెనకనుంచి వచ్చి, ఎడమచేత్తో ఆమె నుదురు పట్టి తన ఛాతీకి అదిమాడు. ఆమె అతని మణికట్టు మీద గోళ్లు దించింది. అతను కుడిచేత్తో ఎర్రకొస అందుకొని లాగాడు. మళ్లీ లాగాడు.

వెచ్చటి రక్తం అతని వేళ్ల మీదుగా ఆమె రవికలోకి జారింది. మత్తుమందు ప్రభావం ఇంకా ఉండడంతో నొప్పి పెద్దగా లేదు. అయినా ఆమె అరిచింది. ఆ అరుపు మామూలు గొంతుతోనే, జీర లేకుండా వచ్చింది. కావలి చెప్పినట్టు గాయం మీద శుభ్రమైన గుడ్డ వదులుగా పరిచి, అంబులెన్సు వచ్చేదాకా అతను ఆమెను అలాగే పట్టుకొని కూర్చున్నాడు.

కేంద్రంలో రక్తం కారుతున్న నాళాన్ని మూసి మళ్లీ కుట్లు వేశారు. డాక్టర్ షాహినా బయటికి వచ్చి అతని భుజం తట్టింది.

“మంచి పని చేసినారు. గచ్చకాయంత రక్తపు గడ్డ ఉండె.”

“అంతేనా మేడమ్?”

“అప్పటికి అంతే. ఇంకా పెరిగేది.”

“ఖాయంగా పెరిగేదా?”

“కావలి లెక్క ప్రకారం పెరిగేదే. దాని లెక్క తప్పడం నేనింతవరకు చూడలే. కానీ పెరగక ముందే మీరు తీసేసినారు. పెరిగింటే ఎట్లుండేదో ఇంక ఎవరూ చూడలేరు.”

వారం తిరక్కుండా కేంద్రం నుంచి సందేశం వచ్చింది: ప్రాణరక్షణ విజయవంతం. మద్దిలేటి దాన్ని ఈశ్వరికి చదివి వినిపించాడు. ఆమె “మంచిదే” అని వంటింట్లోకి పోయింది.

ఊపిరాడక గిలగిల్లాడే మనిషిని కాపాడితే ఆ మనిషికి కాపాడిన చెయ్యి గుర్తుంటుంది. ఈశ్వరికి ఆయాసం రానే లేదు. ఆమెకు గుర్తున్నది తాను వద్దంటున్నా నుదురు అదిమిపట్టిన చెయ్యి, గొంతు దగ్గర లాగిన దారం. ఆమె ఒక్క నిమిషమైనా ఉక్కిరిబిక్కిరై ఉంటే బాగుండేదని ఒకరోజు మద్దిలేటికి అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడి, ఆ పూట అన్నం తినలేకపోయాడు. అప్పటినుంచి ఆమె ఉన్న గదిలోకి వెళ్లేముందు దగ్గి మరీ వెళ్తున్నాడు.

నెలన్నర గడిచింది. గాయం సన్నటి గీతగా మిగిలింది. ఒక ఉదయం ఈశ్వరి తల దువ్వుకుంటూ ఉంటే వెంట్రుకలు మెడలోని గొలుసు కొక్కేనికి చిక్కుకున్నాయి. ఆమె ఎంత లాగినా రావడం లేదు.

“ఉండు, నేను తీస్తా,” అని మద్దిలేటి ఆమె వెనకకు వచ్చాడు.

ఆమె భుజాలు పైకి లేచాయి. దువ్వెన కింద పడింది. రెండు చేతులూ మెడను కప్పేశాయి.

అతను ఉన్నచోటే ఆగిపోయాడు. తరువాత చుట్టూ తిరిగి ముందుకు వచ్చి, రెండు బారల దూరంలో నేల మీద కూర్చున్నాడు.

“నేను సేసింది తప్పనుకుంటాండావా?”

“లేదు.”

“మరి నా మీద నమ్మకం లేదా?”

“ఉండాది. నువ్వు తియ్యకపోతే నేను ఉండేదాన్నే కాదని డాక్టరమ్మ చెప్పె. నేను నమ్మినా.” ఈశ్వరి కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఈ చేతులే వినడం లేదయ్యా.”

“వద్దులే. సేతులు బలవంతంగా దించొద్దు.”

“ఉండు,” అంది ఆమె.

కళ్లు మూసుకొని, గట్టిగా ఊపిరి పీల్చి, ఒక చెయ్యి మెల్లగా దించి ఒడిలో పెట్టుకుంది. రెండోది దించలేకపోయింది.