బీదరు కోటలో కొడుకు

తెల్లవారుజామునే లేచి సారమ్మ జొన్నరొట్టెలు చేస్తోంది. రోజూ నాలుగు రొట్టెలు కాగానే పెనం దించేసే మనిషి, ఆ రోజు పిండి కలుపుతూనే ఉంది. ప్రేమదాసు గడప మీద కూర్చుని వంకర తిరిగిన ఎడమకాలికి ఆముదం రాసుకుంటూ ఆ రొట్టెల వంకే చూస్తున్నాడు.

"గన్ని రొట్టెలు ఎవరికే?"

"తొవ్వల తినేటందుకు. బీదరు పోతున్నం."

"నువ్వు పో. నేను రాను."

"ఇద్దరం పోతున్నం," అంది సారమ్మ తల ఎత్తకుండానే.

ముందురోజు ముడిమ్యాల ప్రార్థన కూటానికి వచ్చిన బోధకుడు సాలోమోను ఆ కబురు చెప్పాడు. బీదరు కోట గోడలకు మరమ్మతు జరుగుతోందట. అక్కడ రాళ్లు కొట్టేవాళ్లలో దయానందం కనిపించాడట. నాలుగేళ్లుగా బతికున్నాడో లేడో తెలియని కొడుకు.

"ఈసారి వానికి నిజం చెప్తా. ఇగ దాచి పెట్టుడు నాతోని కాదు," అంది సారమ్మ.

ప్రేమదాసు చెయ్యి ఆగిపోయింది. "చెప్తే ఏమైతదో ఎరుకేనా? ఇప్పుడు వానికి బాపు లేడు. నువ్వు చెప్పినంక అవ్వ గూడ ఉండదు. ఒక్కలమన్న మిగలాలె సారమ్మా."

ఆమె పెనం దించింది. రొట్టెలు గుడ్డలో మూట కట్టింది.

నాలుగేళ్ల కిందట పటేల్ ఇంట పెళ్లి. మొయినాబాద్ దాకా సామాన్లు మోయడానికి వెట్టికి రమ్మని కబురొచ్చింది. ప్రేమదాసు చలిజ్వరంతో లేవలేకపోయాడు. పటేల్ మనిషి బాలమల్లు ఇంట్లో జొరబడి, జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చి, తుమ్మకర్రతో మొహం మీద కొట్టాడు. పొలం నుంచి అప్పుడే వచ్చిన దయానందం ఆ కర్ర గుంజుకున్నాడు. ఒక్క దెబ్బకు బాలమల్లు మోచేతి ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది.

కొడుకును సారమ్మ చొప్పవామిలో దాచింది. మధ్యాహ్నానికల్లా పటేల్ మనుషులు ప్రేమదాసును చావడి స్తంభానికి కట్టేశారు. తడిపిన చింతబరికెలతో వీపు మీద కొట్టారు. బరికెలు విరిగాక కొరడా తీశారు. "నీ కొడుకు ఏడి?" అని అడిగిన ప్రతిసారీ ప్రేమదాసు నెత్తురు ఉమ్మి తల అడ్డంగా ఆడించాడు. రెండుసార్లు స్పృహ తప్పాడు. రెండుసార్లూ మొహం మీద నీళ్లు కొట్టి లేపారు. కదలనివ్వకుండా ఎదురుగా నిలబెట్టిన సారమ్మను అంతా చూడమన్నారు. చివరికి ఒకడు రోకలి తెచ్చి ప్రేమదాసు తలకు గురిపెట్టి ఎత్తాడు.

"వామిల! చొప్పవామిల ఉన్నడు!" అని సారమ్మ కేక పెట్టింది.

కాళ్లు పట్టి ఈడ్చుకొచ్చారు దయానందాన్ని. "ఎవరు చెప్పిండ్రు? నన్ను ఎవరు పట్టిచ్చిండ్రు?" అని వాడు అరుస్తూ తల్లి వైపు తిరిగాడు. సారమ్మ తల దించుకుంది. అప్పుడు స్తంభం దగ్గర నుంచి ప్రేమదాసు తల ఎత్తాడు.

"నేనే చెప్పిన కొడకా."

దయానందం తండ్రి మొహం మీద ఉమ్మాడు. "ఇగ నువ్వు నాకు బాపువు గాదు," అన్నాడు. కొరడా లేచింది. కొడుకు మొదటి కేకకే సారమ్మ పడిపోయింది.

కళ్లు తెరిచేసరికి ఇంట్లో ఉంది. వాళ్లు కొడుకును కొట్టిన తర్వాత మళ్లీ తండ్రి మీద పడి, రోకలితో మోకాలు పగలగొట్టారని చుట్టుపక్కలవాళ్లు చెప్పారు. రెండోసారి ఎందుకు కొట్టారో ప్రేమదాసు ఎన్నడూ బయటపెట్టలేదు. పుండ్లు మానకముందే దయానందం ఇల్లు వదిలి పోయాడు.

చేవెళ్ల నుంచి వికారాబాదుకు బండి, అక్కడి నుంచి రైలు. సారమ్మ రైలెక్కడం అదే మొదలు. కిటికీ కమ్మీ రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. పోనుపోను నల్లరేగడి పోయి నేల ఇటుకపొడిలా ఎర్రబడింది. మర్నాడు పొద్దున బీదరులో దిగారు. ఎత్తు మీద పట్నం, చుట్టూ ఎర్రరాతి గోడ. వీధుల్లో ఉర్దూ, కన్నడం కలగలిసి వినబడుతున్నాయి. పాత మదర్సా గోడకు అతికిన నీలి పెంకుల ముందు సారమ్మ ఆగిపోయింది. ముడిమ్యాల, చేవెళ్ల తప్ప చూడని ఆమెకు మనుషులు అంత అందంగా కడతారంటే నమ్మబుద్ధి కాలేదు.

"ఎవరు కట్టిండ్రో గాని, ఎంత ఓపిక," అంది.

"వెట్టికే కట్టి ఉంటరు," అన్నాడు ప్రేమదాసు, కాలు ఈడ్చుకుంటూ.

కోట కందకం చూస్తే ఆమెకు కళ్లు తిరిగాయి. బండను తొలిచి మూడు వరుసలుగా తవ్వారు. దర్వాజా దాటితే మరో దర్వాజా. లోపల బురుజు దగ్గర పదిపన్నెండు మంది రాళ్లు కొడుతున్నారు. దుమ్ములో ఒకడు సుత్తె కింద పెట్టి నుదురు తుడుచుకున్నాడు. గడ్డం పెరిగింది, భుజాలు వెడల్పయ్యాయి. అయినా తల్లికి ఒక్క చూపు చాలింది.

"దయా!"

వాడు పరుగున వచ్చి ఆమెను ఎత్తుకున్నంత పని చేశాడు. "అవ్వా! ఎట్లొచ్చినవే? ఎట్ల ఎరుకైంది?" సారమ్మ వాడి మొహం తడుముతూ ఏడ్చింది. రైల్లో కూడబెట్టుకున్న మాటలన్నీ ఆ కౌగిట్లో కరిగిపోయాయి. చెప్పకపోతే ఈ కొడుకు నాకే మిగుల్తాడు అనిపించింది.

అంతలో వెనకాల కుంటుకుంటూ ప్రేమదాసు బురుజు మెట్లెక్కి వచ్చాడు.

దయానందం చేతులు విడిపోయాయి. "గీన్ని ఎందుకు తెచ్చినవ్?"

"బిడ్డా..." అన్నాడు ప్రేమదాసు.

మొదటి గుద్దు మూతి మీద పడింది. రెండోది పక్కటెముకల మీద. ముసలివాడు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. అది చూసి కొడుక్కు ఇంకా మంట రేగింది. పక్కనున్న సుత్తెకట్టె అందుకుని తల మీద కొట్టాడు. ప్రేమదాసు వెనక్కి విరుచుకుని మెట్ల మీదుగా దొర్లాడు. నుదురు పగిలి నెత్తురు కళ్లలోకి కారింది. వాడు కట్టె ఎత్తి మెట్లు దిగుతుంటే సారమ్మ అడ్డం పడింది.

"నేను చెప్పిన రా! వామి చూపింది నేను! మీ బాపు పానం పోయేదాక నోరు తెరవలే. ఆయన తల పగలగొడ్తుంటే నేను ఒర్రిన. నా పాపం ఆయన నెత్తిన ఎత్తుకున్నడు!"

"అబద్ధం. ఆయన్ని కాపాడనీకె చెప్తున్నవ్."

"యేసయ్య తోడు. నేనే."

దయానందం కళ్లు ఎర్రబడ్డాయి. కట్టె ఆమె మీదికి లేచింది. సారమ్మ కళ్లు మూసుకుంది. కింద నుంచి ప్రేమదాసు పాకుతూ వచ్చి కొడుకు కాలు రెండు చేతులా చుట్టేశాడు.

"అవ్వ మీద చెయ్యి లేపకు. కొడితే నన్ను కొట్టు. నాకు అలవాటున్నది."

మేస్త్రీ బాలప్ప వెనక నుంచి వచ్చి దయానందాన్ని గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకోవలసిన పని లేకపోయింది. కట్టె వాడి చేతిలోంచి జారింది. మోకాళ్ల మీద కూలబడి, తల నేలకు కొట్టుకున్నాడు.

"అవ్వా, నేను గూడ చెప్పిన," అన్నాడు. "కొరడాతోని కొడుతూ అడిగిండ్రు, బాలమల్లును కొట్టమని నీకు ఎవరు నేర్పిండ్రని. తోలు ఊడిపోతున్నది. తట్టుకోలేక బాపు నేర్పిండని చెప్పిన. అందుకే ఆయన మోకాలు పగలగొట్టిండ్రు. బాపు నన్ను పట్టిచ్చిండని, నేను చేసింది తప్పు గాదని ఇన్నేండ్లు అనుకుంట బతికిన."

సారమ్మ భర్త వైపు తిరిగింది. "నీకు ఎరుకనా?"

"గాడనే కట్టేసి ఉన్న గద. అంత ఇన్న," అన్నాడు ప్రేమదాసు. నెత్తుటి మూతిని భుజానికి తుడుచుకున్నాడు. "గా దెబ్బలకు ఎవరైనా చెప్తరు బిడ్డా. నువ్వు చెప్పినవ్, మీ అవ్వ చెప్పింది. ఇద్దరి మీద నాకు ఒక్కనాడు కోపం రాలే. మీరు ఇద్దరు బతికిండ్రు. నాకు గది చాలు."

వాడు తండ్రి పాదాల మీద పడి ఏడ్చాడు. నాలుగేళ్లుగా లోపల గడ్డకట్టిందంతా ఒక్కసారి బయటికి వచ్చినట్టు, పక్కవాళ్లు చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చాడు. సారమ్మ కొంగు చించి భర్త తలకు చుట్టింది. ముడి ప్రేమదాసే వేసుకున్నాడు.

దయానందం తండ్రిని వీపు మీద ఎక్కించుకుని కోట బయటికి నడిచాడు. గుట్ట అంచున ఆగి ఊపిరి తీసుకుంటుంటే కింద మైదానం కనుచూపుమేర పరుచుకుని ఉంది.

"మన ముడిమ్యాల ఎటు దిక్కు?" అడిగాడు ప్రేమదాసు.

"ఆగ్నేయం మూలకు, బాపు. ఈడికెళ్లి కండ్లవడదు. రోజు పొద్దుగాల అటే చూస్త."

దవాఖానలో కాంపౌండరు గాయం కడిగి కుట్లు వేశాడు. మూతి వాపు, పక్కటెముకల మీద కమిలిన గుర్తులు చూసి అనుమానంగా అడిగాడు.

"ఎవరు కొట్టారు పెద్దాయనా?"

"ఎవరు కొట్టలే. మెట్ల మీద కాలు జారింది," అన్నాడు ప్రేమదాసు వెంటనే.

సారమ్మ నోరు తెరవబోయింది. అంతకు ముందే గోడ పక్కన నిలబడ్డ దయానందం ముందుకు వచ్చాడు.

"నేను కొట్టిన," అన్నాడు. "ఈయన మా బాపు. నేనే కొట్టిన."