శనివారం సంచి

శనివారం ఉదయం ఇంగెర్ కాఫీ పెట్టి, అలవాటు చొప్పున వీధి తలుపు తీసింది. తలుపు పిడికి సంచి లేదు. ఆమె పెళ్లయి థ్యూబొరోన్ రేవుకు వచ్చినప్పటి నుంచీ బావగారు ఆక్సెల్ పడవ దిగగానే చేపల సంచి ఒకటి తమ్ముడి తలుపుకు తగిలించి వెళ్లేవాడు. ఈ వసంతంలో అది ఆగిపోయింది.

"లేదు కదూ?" అన్నాడు ఆమె భర్త థోర్కిల్, రొట్టెకు వెన్న రాస్తూ.

"లేదు."

అతను తలూపాడు. బాధా లేదు, కోపమూ లేదు. ఈమధ్య అతని మనసుకు ఏదీ తగలడం లేదు. సముద్రంలో గాలిమరలు పాతే కంపెనీ అతని పడవను కాపలాకు కుదుర్చుకుంది. వేరే పడవలు అటు రాకుండా చూడడమే పని. వల మూలపడింది. చేప పడినా పడకపోయినా జీతం వస్తుంది కదా, అదృష్టవంతుడివన్నారు ఊళ్లోవాళ్లు.

ఇంతలో ఆక్సెల్ బూట్లయినా విప్పకుండా లోపలికొచ్చాడు.

"ఒరే, మొన్న పడవ రేడియోలో నన్నేమన్నావు?"

"అన్నా, అదీ..."

"అప్పుడు అన్నా అనలేదే! 'ఆ పడవ దారి మార్చుకోవాలి' అన్నావు. నాన్న మనకి వల వేయడం నేర్పిన చోట్రా అది!"

"ఆ మాటలు పైవాళ్లు వింటారు. నా ఉద్యోగం అది."

"గొప్ప ఉద్యోగం! గొర్రెల్లేని దొడ్డికి కాపలా కుక్క!"

"బావగారూ, ముందు కూర్చోండి. బూట్లేసుకుని మరీ పోట్లాడాలా?" అంది ఇంగెర్.

ఆక్సెల్ కూలబడ్డాడు. ఇంగెర్ ఇచ్చిన కాఫీ కప్పులోకి చూస్తూ అడిగాడు.

"మీ కంపెనీవాళ్లు ఇంకో పడవ కావాలంటున్నారట. నా పేరు చెప్తావా? వల లాగడానికి భుజం లేవట్లేదు."

"పోయిన నెలే చెప్పాను. నీకు తెలిస్తే కొడతావని..."

"కొట్టేవాణ్ణే."

ఎవరూ నవ్వలేదు. ముగ్గురూ కాఫీ తాగారు.

ఆక్సెల్ పడవ కూడా కాపలాకు చేరిన వారం, శనివారం తలుపు తీస్తే పిడికి సంచి ఉంది. ఇంగెర్ దాన్ని భర్త చేతికిచ్చింది. లోపల సూపర్‌మార్కెట్ చేపల ప్యాకెట్, మంచుగడ్డలా ఉంది. ఎక్కడో దూరదేశంలో పట్టిన చేప.

వేళ్లు తిమ్మిరెక్కుతున్నా థోర్కిల్ దాన్ని వదల్లేదు. ఎన్నాళ్లనుంచో రాని ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"వేయించనా?" అంది ఇంగెర్ మెల్లగా.

"వేయించు. అన్నయ్యని కూడా రమ్మను."