రెండో జింక

మోంటానా రాష్ట్రంలోని విల్లో ఫోర్క్ ఊళ్లో వేటకెళ్లేవాళ్లకి ఎలుగుబంటి కంటే తోరా హౌగెన్ అంటేనే ఎక్కువ భయం. ఎలుగుబంటి ఒక్కోసారి చూసీ చూడనట్టు పోతుంది. తోరా పోదు. నవంబరు వచ్చిందంటే తండ్రి ఆర్నె నడిపే మాంసం కొట్టు గుమ్మంలో నిలబడి, కోయించుకోవడానికి తెచ్చిన ప్రతి జింకకీ ట్యాగ్, అంటే సర్కారు ఇచ్చే వేట అనుమతి చీటీ, ఉందో లేదో చూస్తుంది. ఒక ట్యాగ్‌కి ఒక జింక, ఆ ట్యాగ్ మీద కొట్టినవాడి పేరు. లేదంటే జింకని మళ్లీ బండెక్కించుకోవలసిందే. సొంత బాబాయిని కూడా అలాగే తిప్పి పంపింది. ఆ ఏడు క్రిస్మస్‌కి ఆయన వాళ్లింటి ఛాయలకి రాలేదు.

ఎమెట్ ప్రూయిట్ ఆమెకి పరిచయమైంది కూడా ఆ గుమ్మంలోనే. మూడేళ్ల కిందట, సన్నగా మంచు పడుతున్న ఒక మధ్యాహ్నం, పొడుగ్గా, నారింజ రంగు చొక్కా తొడుక్కున్న కుర్రాడొకడు బండి ఆపాడు.

"ట్యాగ్ ఏది?"

"జేబులో ఉందండి."

"మీరు కొట్టింది జేబునా, జింకనా?"

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. ట్యాగ్ జింకకే కట్టాలి, అదీ పడ్డచోటే కట్టాలి అని పాఠం చెప్పింది. ఇప్పుడు కట్టేస్తానన్నాడు. నేను చూశాక కడితే లెక్కలోకి రాదంది. ఇలాంటప్పుడు మగవాళ్లు మామూలుగా రెండు పనుల్లో ఒకటి చేస్తారు: బతిమాలతారు, లేదా తిడతారు. ఎమెట్ ఒక్క క్షణం ఆలోచించి, నిజమే అన్నాడు. ఫోన్ తీసి, వేటలూ చేపలూ చట్టం తప్పకుండా చూసే గేమ్ వార్డెన్‌కి తన మీద తానే ఫిర్యాదు చేసుకున్నాడు.

వార్డెన్ రావడానికి గంట పట్టింది. ఆ గంటా అతను మంచులోనే నిలబడ్డాడు. అరగంట దాటాక తోరా కాఫీ తెచ్చి ఇచ్చింది. కప్పు వెనక్కి తీసుకోవాలి కాబట్టి తనూ అక్కడే నిలబడింది. ఊరవతల ట్రౌట్ చేపల్ని పెంచే కేంద్రంలో పనిచేస్తాడనీ, ఎప్పటికైనా తనూ వార్డెన్ కావాలన్నదే కోరికనీ అప్పుడే తెలిసింది.

"వార్డెన్‌ని ఈ ఊళ్లో ఎవరూ భోజనానికి పిలవరు, తెలుసా?" అంది.

"ట్యాగ్ చూసేవాళ్లని పిలుస్తారా?"

తోరా ఖాళీ కప్పు అందుకుని, మళ్లీ నింపుకొచ్చింది. అది ఆమెకి కొత్త.

ఆ తర్వాత ఎమెట్ ప్రతి శనివారం వచ్చి కాస్తంత సాసేజ్ కొనేవాడు. వారానికి సరిపడా ఒకేసారి కొనుక్కోవచ్చు కదా అని ఎవరైనా అడిగితే, తాజాగా ఉంటేనే ఇష్టం అనేవాడు. ఆర్నె లోపల ఎముకలు కోస్తూ, ఆ కుర్రాడికి మన సాసేజ్ మీద ఇంత మోజేమిటో అని పైకే అనుకునేవాడు. కత్తి చూసుకో నాన్నా, వేలు తెగుతుంది అనేది కూతురు.

శనివారాలు గడుస్తున్నాయిగానీ మనసులో మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. తోరా నోరు కట్టేసుకోవడానికి ఒక కారణం ఉంది. కొత్త వార్డెన్‌ని ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి పంపుతారు. మోంటానా చిన్న రాష్ట్రం కాదు. ఇవాళ కాకపోతే రేపు పోయేవాడితో మాటెందుకని ఊరుకుంది.

అలా ఉండగా, కిందటి నవంబరులో ఆర్నెకి నడుం పట్టేసింది. తోరాతో వేటకి ఎమెట్ వెళ్లాడు. తెల్లవారి వెలుగు రాగానే ఏటి ఒడ్డున ఒక జింక కనబడింది. తోరా ఒక్క గుండు పేల్చింది. జింక అక్కడికక్కడే పడింది. దగ్గరికి వెళ్లి చూస్తే, దాని వెనక ఎత్తయిన గడ్డిలో ఇంకొకటి చచ్చిపడి ఉంది. గుండు మొదటిదాన్ని దూసుకుపోయి రెండోదానికీ తగిలింది.

ఒక్క దెబ్బకు రెండు పిట్టలన్నది సామెతలో బాగుంటుంది. వేట చట్టంలో బాగుండదు. తోరా దగ్గర ఒక్కటే ట్యాగ్. చేయవలసింది ఆమెకి తెలుసు: వార్డెన్‌ని పిలిచి, పొరపాటు జరిగిందని చెప్పడం. కానీ ఆమె తిప్పి పంపినవాళ్లందరి ముఖాలూ వరసగా కళ్ల ముందు కదిలాయి. గడ్డిలో కూలబడి ఏడ్చింది. అప్పుడు, జేబులో ట్యాగ్ ఉన్నందుకే తన మీద తాను ఫిర్యాదు చేసుకున్న ఆ మనిషి, తన ట్యాగ్ తీసి రెండో జింకకి కట్టేశాడు. తోరా వద్దనలేదు. ఆ సాయంత్రం కొట్టు పుస్తకంలో 'ఎమెట్ ప్రూయిట్, ఒక జింక' అని తన చేత్తోనే రాసింది. కంచే చేను మేసింది.

ఏప్రిల్‌లో, మంచు కరిగి రోడ్లన్నీ బురదగా ఉన్న రోజుల్లో, కొట్టుకి ఒక ఆవిడ వచ్చింది. యాభై దాటినావిడ, వార్డెన్ల శాఖలో అధికారి, పేరు సార్జెంట్ మాడిగన్. ఎమెట్ వార్డెన్ ఉద్యోగానికి పరీక్ష పాసయ్యాడు, పరుగు పాసయ్యాడు, బోర్డు ముందు ఇంటర్వ్యూ కూడా అయింది. ఇక మిగిలింది అతని గురించి ఊళ్లో విచారించడం. ఆ పని ఆవిడది.

ఆవిడ కౌంటర్ మీద కాగితాలు పరిచింది. "తనని ఎరిగినవాళ్ల జాబితాలో నీ పేరు దగ్గర 'స్నేహితురాలు' అని రాశాడు. దానికి ముందు ఇంకేదో రాసి కొట్టేశాడు. ఎంత వెలుతురులో చూసినా కనబడలేదు."

తోరా చెవులు ఎర్రబడ్డాయి. మామూలు ప్రశ్నలు అయ్యాయి. తాగుతాడా, కోపిష్టా, మాట మీద నిలబడతాడా. అన్నిటికీ మంచి జవాబులే ఇచ్చింది. తర్వాత ఆవిడ ఒక కాగితం తిప్పి చూపించింది. పట్టుబడినా పడకపోయినా, వేట చట్టం ఎప్పుడైనా తప్పావా అన్నది ప్రశ్న.

"సగం మంది లేదని రాస్తారు. వాళ్లని నేను నమ్మను," అంది మాడిగన్. "ఇతను మూడు రాశాడు. పన్నెండేళ్లప్పుడు రెండు చేపలు ఎక్కువ పట్టాడట. ట్యాగ్ జేబులో పెట్టుకున్నాడట. మూడోది, కిందటి నవంబరులో వేరేవాళ్లు కొట్టిన జింకకి తన ట్యాగ్ కట్టాడట."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, తోరా చేతులు ఏప్రన్ వెనక్కి పోయాయి.

"ఎవరని రెండుసార్లు అడిగాను. అది వాళ్లు చెప్పాలి, నేను కాదన్నాడు. మంచిదే. కానీ రేపు వార్డెన్ అయ్యేవాడు ఇంకొకరి తప్పు దాస్తే బోర్డు ఊరుకోదు. ఇతని ఫైలు ఇక్కడితో ఆగిపోతుంది. రేపు పొద్దున ఫలహారం దాకా ఊళ్లోనే ఉంటాను. నీకేమైనా తెలుసా?"

"తెలియదు," అంది తోరా.

ఆవిడ కాగితాలు సర్దుకుని, థాంక్స్ చెప్పి వెళ్లిపోయింది.

తోరా అబద్ధం చెప్పింది పరువు కోసం ఒక్కటే కాదు. తను నోరు మూసుకుంటే ఎమెట్ ఎక్కడికీ పోడు. చేపల కేంద్రం ఉంటుంది, శనివారం ఉంటుంది, సాసేజ్ ఉంటుంది. తనని తప్పు పట్టేవాళ్లు కూడా ఉండరు. ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందో అంత సిగ్గుగానూ ఉంది. కొట్టు తండ్రికి అప్పగించి, బండి తీసుకుని చేపల కేంద్రానికి వెళ్లింది.

ఎమెట్ తొట్ల మధ్య నిలబడి చేపలకి మేత చల్లుతున్నాడు.

"ఎందుకు రాశావు?" అంది.

"అబద్ధం రాసి తెచ్చుకున్న బ్యాడ్జ్ పెట్టుకుని, ఎవరిని ట్యాగ్ అడగను?"

"అయితే నా పేరు కూడా రాయాల్సింది."

అతను మేత చల్లడం ఆపలేదు. బోర్డు వాళ్లు ఒక ప్రశ్న అడిగారని చెప్పాడు. సొంతవాళ్లు తప్పు చేస్తే టికెట్, అంటే జరిమానా చీటీ, రాస్తావా అని. రాస్తానన్నాడట. మీ అమ్మకి? రాస్తాను. తాతకి? రాస్తాను.

"తర్వాత ఒకాయన, అందరికంటే కష్టం ఎవరికి రాయడం అన్నాడు. నువ్వు గుర్తొచ్చావు. అక్కడ ఆగిపోయాను తోరా. చాలాసేపు ఆగిపోయాను. వాళ్లు మంచినీళ్లు ఇచ్చారు."

తోరాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అయితే నువ్వు వార్డెన్‌గా పనికిరావు," అంది.

"అదే నా భయం కూడా."

"నేను చెప్పకపోతే ఇక్కడే ఉండిపోతావు కదా?"

"ఉండిపోతాను. నీ మీద కోపం కూడా పెట్టుకోను. ఒట్టు."

అతను ఆ మాట నిజంగానే అన్నాడని ఆమెకి తెలుసు. తోరాకి నిద్ర పట్టకుండా చేసింది ఆ మాటే. కోప్పడి ఉంటే ఎంతో తేలికగా ఉండేది.

పొద్దున్నే సార్జెంట్ మాడిగన్ ఊళ్లో ఉన్న ఒకే ఒక్క కెఫేలో హకిల్‌బెర్రీ పళ్లు కూరి కాల్చిన 'పై' అనే రొట్టె తింటోంది. తోరా ఎదురుగా కూర్చుని, మెనూ కూడా తీయకుండా, రెండు జింకల్నీ నేనే కొట్టానని చెప్పింది. ఏటి ఒడ్డు, గడ్డి, గుండు, ఏడుపు, పుస్తకంలో రాసిన అబద్ధం, నిన్న చెప్పిన అబద్ధం, ఏదీ వదల్లేదు.

మాడిగన్ చివరి ముక్క తిని, నోరు తుడుచుకుంది. "నువ్వు మాట్లాడకపోతే అతను నీ దగ్గరే ఉండేవాడు. అది తెలిసే వచ్చావా?"

"తెలిసే వచ్చానండి. నా వల్ల ఆగిపోయినవాణ్ణి ప్రతి శనివారం చూడలేను. పోయినా సరే, అతను కావాలనుకున్నది కావాలి."

"అంటే ప్రేమిస్తున్నావన్నమాట."

"అవునండి," అంది తోరా. ఆ మాట మొదటిసారి విన్నది ఎమెట్ కాదు, ఒక సార్జెంట్. ఆవిడ పళ్లెం పక్కకి జరిపి టికెట్ పుస్తకం తీసింది. తోరాకి ఒకటి రాసింది. ఎమెట్‌కి రెండోది రాసింది. ఇద్దరికీ జరిమానా, దాంతోపాటు ఒక ఏడాది వేట బంద్. బోర్డు ఏమంటుందో చెప్పలేనంది.

ఆర్నె కూతురు తెచ్చిన టికెట్ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. కొట్టులో పెద్ద కొమ్ముల ఫొటోలు తగిలించే గోడ ఒకటి ఉంది. సరిగ్గా దాని మధ్యలో మేకు కొట్టి టికెట్ తగిలించాడు. మా తమ్ముడికి ఫోన్ చేసి చూడ్డానికి రమ్మంటాను, మళ్లీ మాటలు కలుస్తాయేమో అన్నాడు. బాబాయి వచ్చాడు. కడుపారా నవ్వి, రెండు కిలోల సాసేజ్ కొనుక్కుని వెళ్లాడు.

బోర్డు ఎమెట్‌ని ఆ ఏడు తీసుకోలేదు. వచ్చే ఏడు మళ్లీ రమ్మంది. ఊరంతా మంచిదే అయిందనుకుంది, ఎందుకంటే ఆ శరత్కాలంలో వేట లేని మనుషులు ఊళ్లో ఇద్దరే, ఆ ఇద్దరికీ ఒకరికొకరు తప్ప వేరే పని లేదు. కొట్టుకి వచ్చిన ప్రతివాడూ తోరాని, ట్యాగ్ ఉందా అమ్మా అని అడిగేవాడు. ఆమె తలెత్తకుండా వాళ్ల ట్యాగే చూసేది. ఎమెట్ ఇప్పుడు సాసేజ్ కొనడం మానేశాడు. వాళ్లింట్లోనే తింటున్నాడు.

మరుసటి ఏడు పిలుపు వచ్చింది. శిక్షణకి వెళ్లాడు. ఆగస్టులో రాష్ట్ర రాజధాని హెలీనా నుంచి ఫోన్ చేశాడు. ప్రమాణం రోజున కొత్త వార్డెన్ చొక్కాకి బ్యాడ్జ్ పెట్టేది తల్లో, భార్యో. నువ్వు వచ్చి పెడతావా అన్నాడు. మీ అమ్మ ఉంది కదా అంది తోరా. నిన్ను అడగమని చెప్పింది అమ్మే అన్నాడు.

వెళ్లింది. ఇరవై ఏళ్లుగా జింకల్ని కోసిన ఇంటి పిల్ల, ఒక చిన్న సూది గుచ్చడానికి మూడుసార్లు తడబడింది. పోస్టింగులు చదివారు. ఎమెట్‌కి బ్రాకెన్ అనే ఊరు వచ్చింది. రాష్ట్రం తూర్పు చివర, కారులో ఆరున్నర గంటలు.

బయట మెట్ల మీద ఆర్నె, ఉన్న ఒక్క టైని వదులు చేసుకుంటూ, ఎవరితోనూ కాదన్నట్టు అన్నాడు. "బ్రాకెన్‌లో మాంసం కోసే కొట్టు లేదట. ఫోన్ చేసి కనుక్కున్నాను. పాత పాల డెయిరీ ఒకటి ఖాళీగా ఉందట. చల్లగది ఇంకా పనిచేస్తోందట."

"నన్ను పంపించేస్తున్నావా నాన్నా?"

"నిన్ను పంపడం ఎవరి తరం? నీ ముఖం చూస్తూ ఇంకో చలికాలం ఉండలేను, అంతే."

ఎమెట్ టోపీ చేతుల్లో తిప్పుతున్నాడు. "వస్తావా?" అన్నాడు.

"ముందొకటి చెప్పు. నా దగ్గర ట్యాగ్ లేని జింక దొరికితే?"

"టికెట్ రాస్తాను." ఈసారి ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"ఏడిస్తే?"

"రాశాక పక్కన కూర్చుంటాను."

"అయితే వస్తాను," అంది తోరా.