కమలినీ హాల్లో పక్క కుర్చీ

కృష్ణనగర్‌లో కమలినీ హాలుకి పోనిమ్మంటే రిక్షావాళ్ళు మలుపు దగ్గరే ఆపేస్తారు. అక్కణ్ణించి నడిచి వెళ్ళమంటారు. కారణం అడిగితే బీడీ ముట్టించుకుంటారే తప్ప జవాబు చెప్పరు.

జంటగా వెళ్తే ఏమీ కాదట. పదిమందీ కలిసి వెళ్తే అసలేమీ కాదట. ఒక్కరే వెళ్తే మాత్రం... పక్కన ఎవరో వచ్చి కూర్చుంటారట.

ఎవరో ఏమిటి, ఊరందరికీ తెలుసు. నిబారణ్ హల్దార్.

తపాలా ఆఫీసులో గుమాస్తా. పెళ్ళీ పెటాకులూ లేవు. ప్రతివారం బాల్కనీలో ఆఖరి వరసలో ఒక్కడే కూర్చుని సినిమా చూసేవాడు. ఒక శీతాకాలం సాయంత్రం, ఆట మధ్యలోనే ఆయన ప్రాణం పోయింది. పక్కన మనిషంటూ ఉంటే కదా తెలిసేది... హాలు ఊడ్చేవాడు వచ్చి చూసి, నిద్రపోతున్నాడు పాపం, లేపడం దేనికని కాళ్ళ చుట్టూ ఊడ్చుకుని వెళ్ళిపోయాడు. నిబారణ్ బాబు తర్వాతి ఆట కూడా చూశాడు — చచ్చి.

"తోడు లేక పోయాడు కదా. ఆ తోడు కోసమే ఇప్పటికీ వెతుక్కుంటున్నాడు," అని ఊరి పెద్దలు తేల్చేశారు.

ఇదంతా తెలిసే, ఒక గురువారం సాయంత్రం కమలినీ హాలుకి ఒంటరిగా బయల్దేరింది బాగ్చీ వారి నడిమి కోడలు సుప్రభ.

ఆమెకి పిచ్చీ లేదు, ధైర్యమూ లేదు. ఉన్నదల్లా ఒకటే కోరిక. ఒక్క సినిమా, మొదటి నుంచి చివరిదాకా, ఎవరూ పలకరించకుండా చూడాలి.

బాగ్చీ వారిది పెద్ద సంసారం. ఆ ఇంట్లో స్నానాల గదిలో ఉన్నా తలుపు కొట్టి "ఆవాల డబ్బా ఎక్కడ పెట్టావు?" అని అడుగుతారు. సినిమాకి వెళ్తే ఇల్లంతా ఒక వరసలో కూర్చుంటుంది. సుప్రభ ఒళ్ళో ఎవరో ఒకరి పిల్ల ఉంటుంది, చేతిలో పూరీల్లాంటి లూచీల డబ్బా ఉంటుంది. తెర మీద హీరోయిన్ చచ్చిపోతుంటే పెద్ద తోటికోడలు వంగి "ఈవిడ ఇందాకటి ఆవిడేనా?" అంటుంది. చిన్న తోటికోడలు బాత్రూముకి తోడు రమ్మంటుంది. తిరిగి వచ్చేసరికి ఆట అయిపోయి జనగణమన. పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటినా, ఒక్క కథ ఎలా ముగిసిందో సుప్రభకి తెలియదు.

పోనీ స్టేషను దగ్గరి మంచి హాలుకి ఒక్కతే వెళ్దామంటే, ఊరు చూస్తుంది. దత్తా వారి కోడలు ఒకసారి ఒక్కతే హోటలు కేబిన్‌లో కూర్చుని చేప కట్లెట్ తింది. ఆకలేసింది, తింది. మర్నాడు పొద్దున్నే ఆమె పుట్టింటివాళ్ళు దిగారు. మొగుడూ పెళ్ళాలకి రాజీ చేస్తామని ముగ్గురు మేనమామలు నాలుగు రోజులు అక్కడే తిని కూర్చున్నారు. కట్లెట్ తిన్న పాపానికి ఆ పిల్ల వాళ్ళందరికీ వండి పెట్టింది.

అందుకే కమలినీ హాలు. దెయ్యం భయానికి అక్కడికి తెలిసినవాళ్ళెవరూ రారు.

ఇంట్లో వాళ్ళతో గుళ్ళో కీర్తనకి వెళ్తున్నానంది. పెద్ద తోటికోడలు నేనూ వస్తానని చెప్పులు వెతుక్కోబోయింది. "ఈవేళ ఉపన్యాసం కూడా ఉందక్కయ్యా, అత్తగారి సేవ గురించి," అంది సుప్రభ. అంతే, ఇంట్లో ఆడవాళ్ళందరికీ ఒక్కసారే మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి.

హాలు దగ్గర టికెట్ల గోడకి ఒక కన్నం ఉంది. కన్నంలో చెయ్యి ఉంది. మనిషి కనిపించలేదు.

"ఎన్ని?"

"ఒకటి."

చెయ్యి ఆగిపోయింది. కాసేపటికి టికెట్టు బయటికి నెట్టి, కలుగులోకి ఎలుక దూరినట్టు లోపలికి పోయింది.

బాల్కనీలో చెమ్మ వాసన. పైకప్పులో ఎక్కడో పావురాలు గొణుగుతున్నాయి. సుప్రభ తడుముకుంటూ ఆఖరి వరసకి చేరి గోడ పక్కన కూర్చుంది. చుట్టూ చీకటి... చీకట్లో అక్కడక్కడా ఇంకాస్త నల్లగా ముద్దలు. మనుషులో, కుర్చీల వీపులో తెలియలేదు. చూడదలుచుకోలేదు కూడా.

సినిమా మొదలైంది. ఒక జమీందారు ఇల్లు, ఒక ముసలాయన, ఆయన మంచం పక్కన పాలగ్లాసు. ఎవరిదో చెయ్యి వచ్చి ఆ పాలలో పొడి కలిపింది. ఎవరిదో చూపించలేదు. సుప్రభ ఒంట్లో హాయిగా ఒక జలదరింపు. ఒళ్ళో పిల్ల లేదు. చేతిలో డబ్బా లేదు. కాళ్ళు బారజాపుకుంది.

అప్పుడు —

కిర్ర్... మని కుర్చీ చప్పుడు.

పక్కన కాదు, పక్క కుర్చీ వదిలి ఆ అవతల. నిలువెల్లా శాలువా కప్పుకున్న ఆకారం ఒకటి మెల్లగా కూలబడింది. తలకి మంకీ టోపీ. మొహం ఉండవలసిన చోట తెర వెలుగుకి రెండు గుండ్రటి మెరుపులు. ఏదో వాసన... పెట్టెలో ఏళ్ళ తరబడి మూసిపెట్టిన వాసన.

సుప్రభ కాళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి. కొంగు బిగించుకోబోతే శంఖం గాజులు గలగలమన్నాయి.

ఆ ఆకారం కూడా ఉలిక్కిపడింది.

"రామ... రామ..." అంది సుప్రభ, పెదవులు కదిలీ కదలకుండా.

అటునుంచి కూడా వినిపించింది... "రామరామరామరామ..."

 రామనామానికి పారిపోవలసిన దెయ్యం, తనకంటే జోరుగా రామనామం చదువుతోంది. అంటే ఇది ఎంత ముదిరిందో.

లేచి పారిపోవచ్చు. మెట్లు రెండు అంగల దూరంలోనే ఉన్నాయి. కానీ తెర మీద ముసలాయన పాలగ్లాసు అందుకుంటున్నాడు. సుప్రభకి భయం కంటే ముందు ఏడుపొచ్చింది, ఏడుపు వెనకాలే కోపం వచ్చింది. ఇన్నేళ్ళూ తనని కుదురుగా కూర్చోనివ్వనిది బతికున్నవాళ్ళు. ఇక చచ్చినవాళ్ళకి కూడా లేచి చోటివ్వాలా?

గుసగుసలాడింది. "నిబారణ్ బాబూ... మీ జోలికి నేను రాను. నా జోలికి మీరు రాకండి."

ఆకారం శాలువా ఇంకాస్త బిగించుకుంది. తర్వాత ఉన్నిలోంచి ఒక సన్నటి గుసగుస —

"చిత్తం..."

దెయ్యం మర్యాదస్తుడే. 

కాసేపు ఇద్దరూ సినిమా చూశారు. ముసలాయన చచ్చిపోయాడు. పోలీసులొచ్చారు. ముసలాయన మరదలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

"ఆ మరదలే కలిపింది," అంది గుసగుస, ఆపుకోలేనట్టు.

"కాదు. డాక్టరు," అంది సుప్రభ, తనూ ఆపుకోలేక. "నాడి చూస్తూ గడియారం కేసి చూశాడు, గమనించారా?"

"అరె... గమనించలేదే."

ఆ మాటలో నిజమైన మెచ్చుకోలు ఉంది. సుప్రభ తెలివిని బాగ్చీ వారింట్లో ఇంతవరకూ ఎవరూ మెచ్చుకున్న పాపాన పోలేదు. ఆమె కాళ్ళు మళ్ళీ కొద్దిగా జాపుకుంది. వంటవాడి చేతికి కట్టు ఎందుకుందని దెయ్యం అడిగింది, ఆమె చెప్పింది. ఇన్‌స్పెక్టర్ కుర్చీలోంచి జారిపడితే దెయ్యం కిచకిచ నవ్వింది. ఆ నవ్వుకి ఆమెకీ నవ్వొచ్చింది. ఇంతకాలం అనవసరంగా భయపడ్డానే, పిలవని చుట్టాలకంటే ఈయనే నయం, అనుకుంది.

అంతలో ఫటుక్కుమని రీలు తెగింది. హాల్లో దీపాలన్నీ వెలిగాయి.

ముందు ఆమె చూసింది హాలుని. ఖాళీ కాదు. వరసకి ఒకరో ఇద్దరో, ఒకరికొకరు ఆమడ దూరంలో, శాలువాలూ మఫ్లర్లూ మంకీ టోపీలూ చుట్టుకుని, ఎవరికి వారే ఒంటరిగా కూర్చున్న మనుషులు. హోమియో డాక్టరు సమద్దార్ ఉన్నాడు. బాలికల బడి పెద్ద పంతులమ్మ ఉంది. కీర్తనలో మృదంగం వాయించవలసిన మనిషి కింద రెండో వరసలో ఉన్నాడు. దీపాలు వెలగ్గానే అందరూ ఒక్కసారే తలలెత్తి పైకప్పులోని పావురాలని శ్రద్ధగా చూడటం మొదలుపెట్టారు.

తర్వాత ఆమె పక్కకి తిరిగింది.

మంకీ టోపీ లోంచి, గుండ్రటి కళ్ళద్దాల వెనకనుంచి, నోరు తెరుచుకుని తనని చూస్తున్నది — అఘోర్‌నాథ్ బాగ్చీ. పెద్ద బావగారు.

హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. ఆయన దగ్గు వీధి మొదట్లో వినిపిస్తే నాలుగిళ్ళలో పిల్లలు పుస్తకాలు తెరుస్తారు. సినిమా అంటే చీకట్లో కూర్చుని చెడిపోవడమని ఇంట్లో అందరికీ చెప్పి, వాళ్ళతో ఏనాడూ సినిమాకి రాని మనిషి. ఆయన గొంతు ఉరమడమే తెలుసు గానీ గుసగుసలాడగలదని ఎవరికీ తెలియదు. ఆమె గొంతైతే ఆయన ఎప్పుడూ సరిగ్గా విననే లేదు. తమ్ముడి భార్య బావగారి ఎదట పడకూడదు, పలకకూడదు — బాగ్చీ వారింట్లో ఆ పాత పద్ధతి ఇంకా అలాగే ఉంది. తప్పనిసరైతే పిల్లికో గోడకో చెప్పాలి, ఆయన వినాలి.

సుప్రభ గభాలున ముసుగు ముక్కు దాకా లాక్కుంది. ఆయన గభాలున తెర వైపు తిరిగిపోయాడు.

ఇద్దరూ ఓరకంట మధ్యవర్తి కోసం వెతికారు.

ఎవరూ లేకపోయె. పిల్లి కూడా లేకపోయె. చివరికి అఘోర్‌నాథ్ గొంతు సవరించుకుని, తమ ఇద్దరి మధ్యా ఉన్న ఖాళీ కుర్చీతో గంభీరంగా అన్నాడు. "నిబారణ్ బాబూ... మా నడిమి కోడలికి ఒకమాట తెలియజెయ్యండి. ఆ గాజుల చప్పుడుకి నేను శంఖం గాజులేసుకు తిరిగే శంఖిణీ దెయ్యమనుకున్నాను. నేను నిబారణ్‌ని కాదంటే మెడ విరుస్తుందని ఒప్పేసుకున్నాను."

సుప్రభ ముసుగులోంచి కుర్చీతో అంది. "నిబారణ్ బాబూ, బావగారికి చెప్పండి. నేనెవరితోనూ అనను. కీర్తన చాలా బాగా జరిగింది."

"నిబారణ్ బాబూ, ఇంకోమాట. ఇంట్లో నేను నవ్వితే జ్వరమొచ్చిందనుకుని నుదురు పట్టుకు చూస్తారు. నవ్వాలంటే నాకు ఇదొక్కటే చోటు."

 సుప్రభ ఇన్నేళ్ళుగా ఆయన కంచంలో అన్నం వడ్డిస్తోంది. ఆయన కూడా తనలాగే ఎక్కడికో పారిపోవాలనుకుంటాడని కలలో కూడా అనుకోలేదు.

దీపాలు ఆరిపోయాయి. సినిమా మళ్ళీ మొదలైంది. మాటలు మాత్రం ఆగలేదు. ముందు ఎవరు ఇంటికి వెళ్ళాలి, ఏ సందులోంచి వెళ్ళాలి, వచ్చే వారం ఏం సాకు చెప్పాలి, అన్నీ నిబారణ్ బాబు ద్వారానే. "నిబారణ్ బాబూ, అది మరదలి పనేనని చెప్పండి." "నిబారణ్ బాబూ, బావగారు ఆ డాక్టరు జేబు చూడలేదేమో అడగండి." "నిబారణ్ బాబూ, చూశానని చెప్పండి..."

అప్పుడు చీకట్లో, ఇద్దరికీ మధ్యలో, అలిసిపోయిన గొంతొకటి నెమ్మదిగా అంది —

"ఏమీ అనుకోకండి... మీరిద్దరూ నేరుగా మాట్లాడుకోండి. లేదంటే బయటికెళ్ళి మాట్లాడుకోండి. నన్ను సినిమా చూడనివ్వండి."

సుప్రభ నాలిక్కరుచుకుంది. బావగారు గొంతు మార్చి భలే చీవాట్లు పెట్టారు, తప్పు తనదే. ఆ తర్వాత ఇటు నుంచి గానీ అటు నుంచి గానీ చప్పుడు లేదు. ఆమె సినిమా అంతా చూసింది, చివరి అక్షరం దాకా. విషం కలిపింది మరదలూ కాదు, డాక్టరూ కాదు. చచ్చిన ముసలాయనే కలుపుకున్నాడు. ఇంట్లో అందరి పోరూ పడలేక.

మర్నాడు పొద్దున అఘోర్‌నాథ్ వసారాలో పేపరు చదువుతుంటే సుప్రభ టీ తీసుకెళ్ళింది. చుట్టూ చూసింది. గోడకి చెబుదామనుకుంది. గోడతో క్షమాపణ ఏం బాగుంటుందనిపించింది.

ముసుగు కొద్దిగా పైకి జరిపి, ఆ ఇంట్లో మొట్టమొదటిసారి ఆయన మొహం చూసి మాట్లాడింది.

"బావగారూ... రాత్రి అంత వాగి ఉండాల్సింది కాదు. మీరు విసుక్కోవడంలో తప్పు లేదు."

వంటింటి గుమ్మంలో పెద్ద తోటికోడలి చేతిలోంచి చేపల గిన్నె జారి పడింది. నడిమి దానికి ఏదో పట్టిందని లోపలికి కేకేస్తూ పరిగెత్తింది.

అఘోర్‌నాథ్ అదేమీ వినలేదు. పేపరు మెల్లగా దించాడు. అందుకున్న కప్పు తాగకుండానే కింద పెట్టాడు.

"నేనా..." అన్నాడు, రాత్రి సినిమా హాల్లో మాట్లాడినంత సన్నగా. "నేను విసుక్కోలేదమ్మా. నువ్వే అన్నావనుకున్నాను."

తర్వాతి గురువారం కూడా ఇద్దరూ వెళ్ళారు, విడివిడిగా. వరసకి ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చున్నారు. ఆట అయ్యేదాకా ఒక్కరూ నోరు విప్పలేదు.