మంచిగున్నది

మరాఠీ ఊరిలోని తెలుగు నేతవాళ్ళ భవాని పేట్‌లో తెల్లారిందని చెప్పడానికి కోళ్ళు అక్కర్లేదు, మగ్గాలే చెబుతాయి. కానీ ఆ ఉదయం పెంటయ్య మగ్గం ఇంకా పలకలేదు. వినాయక చవితి వచ్చింది. గల్లీ చివర గణపతి ఉత్సవాలు జరిపే మండలం వాళ్ళు పందిరి వేస్తున్నారు. పెంటయ్య అరుగు మీద ఫోటోలు పరుచుకుని కూర్చున్నాడు. లోపల ఆయన భార్య యశోద రాట్నం ముందు కండెలు చుడుతోంది.

"యశోదా, జరా గిటు రా. మండలపోళ్ళు నా ఫోటోలు అడిగిండ్రు. పందిట్ల పెడ్తరట. ఏవి ఇయ్యాలె?"

ఆమె వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుని వంగి చూసింది. "మంచిగున్నయి."

"ఏవి?"

"అన్నీ."

అంతే, వెళ్ళిపోయింది. రాట్నం మళ్ళీ గిర్రున తిరిగింది. ఆ ఇంట్లో ఆ మాటకున్న వాడకం ఉప్పుకు కూడా లేదు. కూర మంచిగున్నది, చీర మంచిగున్నది, ఆఖరికి ముసురు పట్టిన వాన కూడా మంచిగున్నది! విన్నవాళ్ళు ఎంత అదృష్టవంతుడివయ్యా అనేవారు. పెంటయ్యకు మాత్రం ఆ మాట వింటే ఎవరో మెల్లగా తలుపు వేసుకున్నట్టు ఉండేది.

వాళ్ళకు శాంత ఒక్కతే కూతురు. ఆమెను ఎక్కడో దూరాన ఉన్న భివండికి ఇచ్చారు. కిందటి దీపావళికి వచ్చినప్పుడు అల్లుడు శ్రీనివాస్ ఒక పాత డబ్బా కెమెరా మామ చేతిలో పెట్టాడు. మగ్గం ఆగితే చాలు, ఆ ఇంట్లో ఇద్దరు మనుషులున్నారని బయటివాళ్ళకు తెలిసేది కాదు. పెంటయ్య ఆ డబ్బాను పొట్టకు ఆనించుకుని గల్లీలన్నీ తిరిగాడు. ఆరేసిన చద్దర్లు, బీడీలు చుట్టే సీతాబాయి, కొంతం చౌక్‌లో గుర్రపు టాంగాలు, కనబడిందల్లా తీశాడు. తెచ్చి యశోదకు చూపేవాడు. ఈసారైనా ఇంకో మాట అంటుందేమోనని ఆశ. పాపం, ఎప్పుడూ అనలేదు.

సాయంత్రం, ఫోటోలన్నీ తగిలించాక, పందిట్లోకి పాండురంగ్ వచ్చాడు. చౌక్‌లో ఫోటో స్టూడియో నడిపే మరాఠీ పెద్దమనిషి. మనిషి చెడ్డవాడు కాదు, గొంతే పెద్దది. గల్లీ వాళ్ళతో తిరిగి తిరిగి తెలుగు కూడా పట్టుబడింది.

"అరే పెంటయ్యా! మొఖాలన్ని బొగ్గులెక్క ఉన్నయేంది? సూర్యుడు నీ వీపు దిక్కు ఉండాలె, వాళ్ళ వీపు దిక్కు కాదు. ఈ సీతాబాయికి తల ఏది? ఈ టాంగ చూడు, గుంతల పడబోతున్నట్టు వంగింది. ఘరీ కుణాలా దాఖవత్ నాహీస్ కా? ఇంట్ల ఎవలకు చూపియ్యవా?"

"చూపిస్త," అన్నాడు పెంటయ్య. "మా ఇంటిది మంచిగున్నయంటది."

పందిరంతా గొల్లున నవ్వింది. పెంటయ్య ఫోటోలు ఒక్కొక్కటే ఊడదీసుకుని తల దించుకుని ఇంటికి నడిచాడు.

"నీకు కండ్లున్నయా, లేవా?" ఫోటోలు ఆమె ముందు పడేశాడు. "నలుగుర్ల నా ఇజ్జత్ పోయింది! తలల్లేని మనుషులను చూసి మంచిగున్నయంటవా?"

రాట్నం ఆగింది. "నాకు కనబడ్డది," అంది యశోద.

"కనబడితె ఎందుకు చెప్పలే?"

"నువ్వే వద్దంటివి గద."

"నేనా? ఎప్పుడన్న?"

"పెండ్లయిన కొత్తల. షావుకారి ముంగట చద్దరు ఇప్పినవు. అంచుల పోగు తప్పిందని నేను ఏలు పెట్టి చూపిచ్చిన. షావుకారు చద్దరు ఎనుకకు తోసిండు. ఇంటికొచ్చినంక ఏమన్నవు? నా పనిల తప్పులేరే నోరు నా ఇంట్ల వద్దన్నవు. ఏది చూపిచ్చినా మంచిగున్నదను, బస్ అన్నవు. ఆనాటి సంది గదే అంటున్న."

పెంటయ్యకు అది గుర్తే లేదు. అన్నవాళ్ళు మరిచిపోతారు, పడ్డవాళ్ళే మోస్తారు. ఆయన కోపమంతా చల్లారిపోయి, దాని చోట ఏదో భయం మొదలైంది.

"యశోదా, ఖరా చెప్పు, అబద్ధమాడకు. శాంత సంబంధం వచ్చిన నాడు సుత నిన్నే అడిగిన. మంచిగున్నదంటివి."

ఆమె చేతిలోని కండె కింద పెట్టింది. "బిడ్డను గంత దూరం ఇయ్యద్దని నా పానం కొట్టుకున్నది. మాట నోటిదాక వచ్చింది. మింగిన."

పెంటయ్య ఆమె ఎదురుగా కింద కూర్చున్నాడు. "నాకు సుత ఇయ్యబుద్ధి గాలె. నువ్వు మంచిగున్నదన్నవని ఇచ్చిన."

యశోద నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అల్లుడు బంగారం, శాంతకు ఏ లోటూ లేదు. అయినా పండుగకో పబ్బానికో కనబడే బిడ్డ కోసం ఇద్దరూ ఒకే కప్పు కింద, ఒకరికి తెలియకుండా ఒకరు బెంగపెట్టుకున్నారు. ఇన్నాళ్ళకు కలిసి ఏడ్చారు.

"తప్పు నాదే," అన్నాడు పెంటయ్య చివరికి. "ఇగ చెప్పు. వీట్ల ఏం మంచిగలేవో చెప్పు."

ఆమె బెదురుతూనే ఒక ఫోటో అందుకుంది. "సీతాబాయి తల కోసినవు. కానీ చేతులు చూడు, బీడీ ఆకు మలిచే వేళ్ళు ఎంత సాఫ్‌గొచ్చినయో. ఇవి మటుకు ఖరంచ్, నిజంగనే మంచిగున్నయి. చేతులే కావాల్నంటె ఇంకింత దగ్గరికి పోవాలె." ఇంకొకటి తీసింది, మరొకటి తీసింది. మాటలు ఒక్కొక్కటే దారి వెతుక్కుంటూ వచ్చాయి. ఒక దగ్గర ఆమె చెయ్యి ఆగింది. "వీట్ల నేనున్న. అన్నిట్ల నా వీపే తీసినవు. నా మొఖం గంత మంచిగలేదా?"

"ముంగటికొస్తె నువ్వు నవ్వుతవు," అన్నాడు పెంటయ్య. "ఆ నవ్వు సుత నీ మంచిగున్నదన్న మాట లెక్కనే, పైపైది. అది చూడలేక ఎనుక నిలవడ్డ."

తెల్లారి ఎండ గడప మీద పడగానే ఆమెను అక్కడ నిలబెట్టి, సూర్యుణ్ణి తన వీపున పెట్టుకున్నాడు. అలవాటుగా ఆమె నవ్వబోయింది.

"నవ్వకు," అన్నాడు.

"నవ్వనుగానీ, డబ్బ వంకర పట్టినవు! జర పైకి, నా తల సుత కోస్తవా ఏంది..." అంటూ ఆమె చెయ్యెత్తింది. ఆయన మీట నొక్కేశాడు.

ఫోటో కడిగించి తెచ్చేసరికి నిమజ్జనం అయిపోయింది. అందులో యశోద నోరు తెరిచి ఉంది, కనుబొమలు ముడిపడి ఉన్నాయి, ఎత్తిన చెయ్యి మసకగా అలుక్కుపోయింది. చూసి ముఖం చిట్లించింది.

"థూ! ఏం మంచిగలేదు."

పెంటయ్య పగలబడి నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. "శాంతకు పంపుదమా?"

"వద్దు," అంది యశోద. ఆ మాట అనేసి తనే ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఫోటోను చేతిలోకి తీసుకుని, కొంగుతో మెల్లగా తుడిచింది.

"బిడ్డనే రమ్మందం."