ఖాళీ కవరు

మదనపల్లెలో ఫ్లోరమ్మ ఇంట్లో ఆదివారం పొద్దున అందరికన్నా ముందు లేచేది ఫోను. పాలవాడికి డబ్బు వెళ్ళిందని ఒకసారి, నీళ్ళ క్యానుకు వెళ్ళిందని ఒకసారి, కుప్పంలో ఇంజనీరింగ్ చదువుతున్న మనవరాలు హర్షిత ఏదో కొనుక్కుందని ఇంకోసారి, అది టింగుమంటూనే ఉంటుంది. ఆ ఫోను ఫ్లోరమ్మది కాదు, కొడుకు శరత్ బాబుది. కానీ ఫ్లోరమ్మ పింఛను కూడా అందులోనే ఉంది.

ఆమె గవర్నమెంటు ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. రెండేళ్ళ కిందట బి.కొత్తకోట బస్సులో ఎవరో ఆమె చేతిసంచీ కోసి నెల పింఛను మొత్తం ఎత్తుకుపోయారు. ఆమె ఏడుస్తూ ఇంటికొస్తే శరత్ బాబు ఆ రోజే ఒక నిర్ణయం తీసుకున్నాడు. తల్లి సిమ్ముకార్డు తన ఫోనులో వేసుకుని, "ఇంక నువ్వు నోటు ముట్టుకోవాల్సిన పనే లేదమ్మా, అడుగు సాలు" అన్నాడు. పుంగనూరులో ఒక ఫైనాన్సు కంపెనీలో అకౌంటెంటు కదా, లెక్కంటే అతనికి ప్రాణం.

నిజం చెప్పాలంటే, ఆ తర్వాత ఆమెకు ఏ లోటూ జరగలేదు. బీపీ మాత్రలు గుమ్మంలోకి వస్తున్నాయి. హర్షితకు ఫీజు అవసరమైతే బస్సెక్కి ఎవరూ కుప్పం పరుగెత్తడం లేదు. లోటల్లా ఒక్కటే. ఎప్పుడు ఏది అడిగినా శరత్ బాబు "ఎందుకమ్మా?" అంటాడు. లెక్క రాసుకోవడానికే అంటాడు, పాపం, వేరే ఉద్దేశం లేదు. అయినా జబ్బుపడిన పాత స్నేహితురాలి చేతిలో వంద రూపాయలు పెట్టాలన్నా, భర్త సమాధికి పూలదండ కట్టించాలన్నా కారణం చెప్పుకోవాల్సి వచ్చేసరికి ఆమె తల వంగిపోయేది. మెల్లగా అడగడమే మానేసింది.

కానీ ఈ రోజు అడగక తప్పలేదు. భర్త తిమోతి చనిపోయిన వారం ఇది. ఏటా ఈ ఆదివారం ఆమె కృతజ్ఞత కానుక కవర్లో పెట్టి, పైన ఆయన పేరు రాసి, చర్చిలో పాస్టరు అయ్యగారు పిలిచినప్పుడు ముందుకు నడిచి తన చేత్తో పళ్ళెంలో వేస్తుంది.

"శరత్, ఒక ఐదు నూర్లు ఉంటే ఇయ్యప్పా. కవర్లో పెట్టాల."

శరత్ బాబు ఫోను తెచ్చి ఆమె కళ్ళముందు పెట్టాడు. "నిన్ననే నాయన పేరు మీద చర్చి అకౌంటుకు పంపించేసినానమ్మా. ఇదో సూడు, పచ్చ టిక్కు కూడా వచ్చిండాది."

"అది కాదప్పా, నా చేత్తో..."

"చేత్తో వేసినా, ఫోన్లో వేసినా పోయేది ఆడికే కదా. వచ్చే నెల నుంచి మన చర్చిలో స్కానర్ బోర్డే పెడతాండాము. ట్రెజరర్ని నేనే కవర్లు పట్టుకుని తిరిగితే బాగుంటాదా?"

వంటింట్లోంచి కోడలు కెజియా కేకేసింది. "అత్తా, చీర కట్టుకోండి, టైమయిపోతాండాది!"

ఫ్లోరమ్మ చీర కట్టుకోవడానికి లేచింది. పేరు రాసి పెట్టుకున్న కవరు మాత్రం బైబిల్లోనే ఉండిపోయింది.

చర్చిలో అయ్యగారు, "తిమోతి గారి జ్ఞాపకార్థం, వారి భార్య ఫ్లోరా గారు" అని పిలిచేసరికి అందరూ ఆమె వైపు తిరిగారు. కూర్చుని ఉండిపోతే ఏమనుకుంటారు? మొగుణ్ణి మరిచిపోయిందనుకోరూ? ఆమె గబగబా ఖాళీ కవరు అంటించి, లేచి, పళ్ళెంలో వేసింది. అయ్యగారు పళ్ళెం పైకెత్తి ప్రార్థన చేశారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఫ్లోరమ్మకు మాత్రం కళ్ళు మూతపడలేదు.

మధ్యాహ్నం కానుకలు లెక్కపెట్టి శరత్ బాబు మండిపడుతూ ఇల్లు చేరాడు. "అమ్మా, కవర్లో ఎంత పెట్టినావు?"

కోడికూర కలుపుకుంటున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. "యాల?"

"నీ కవర్లో ఏమీ లేదు! మేము గదిలోకి పోయేలోపలే గురప్ప కవర్లన్నీ చించి పెట్టినాడు. ఎప్పుడూ ఆయప్పే చించుతాడనుకో. అడిగితే నాకు తెలీదంటాడు."

గురప్ప చర్చిలో గంట కొట్టి, ఊడ్చి, తాళాలు చూసుకునే మనిషి. భార్యతో చర్చి వెనక గదిలోనే కాపురం. కవర్లో డబ్బు శరత్ ఇచ్చాడని కెజియా, కెజియా ఇచ్చిందని శరత్ అనుకున్నారు. ఒకరినొకరు అడిగే తీరిక ఇద్దరికీ లేదు.

కోడలు గరిటె పట్టుకుని నిలబడి చూస్తోంది. అయ్యగారి చేత ఖాళీ కవరుకు ప్రార్థన చేయించానని ఏ ముఖంతో చెప్పడం? ఫ్లోరమ్మ నోట్లోంచి మాట తనంతట తానే జారిపడింది.

"ఐదు నూర్లు."

"అనుకుంటిని!" శరత్ బాబు బల్లమీద చరిచాడు. "సాయంత్రమే కమిటీ పిలుస్తాను. తాళాలు తీసుకోవాల్సిందే. నేను మొత్తుకునేది ఇందుకే. నోట్లు ఉంటేనే ఈ చేతివాటం. ఫోన్లో అయితే ఎవురు కాజేస్తారు?"

ఆమె కంచం పక్కకు నెట్టింది. తాళాలు పోతే ఆ గదీ పోతుంది. ఫ్లోరమ్మ మంచమ్మీద వాలింది గానీ, పక్క గదిలో కొడుకు ఒక్కొక్కరికే ఫోను చేసి "అవును, మా అమ్మ పెట్టింది, మా అమ్మే చెప్పింది" అంటున్న మాటలు ఒక్కటీ తప్పకుండా వినబడుతున్నాయి. ఎంతోమంది రోగులకు ధైర్యం చెప్పిన మనిషి, లేచి పది అడుగులు వేసి నిజం చెప్పలేకపోయింది. అంత సిగ్గు తనలో ఉందని ఆమెకు ఆ రోజు వరకూ తెలియదు.

ఎండ తగ్గకముందే గురప్ప వచ్చాడు. చెప్పులు గేటు దగ్గరే విడిచి వరండాలో నిలబడ్డాడు.

"ఫ్లోరమ్మా, మీరు పెట్టినానంటే పెట్టినట్లే. మిమ్మల్ని కాదనే మనిషిని కాదు. నా కంటికి కనపళ్ళేదేమో, చిత్తుకాగితాల్లో పడిందేమో అని బుట్టంతా బోర్లించి సూస్తిని. దొరకలేదు." జేబులోంచి మడతలు పడిన ఐదు వందల నోటు తీశాడు. "ఇది తీసుకోండమ్మా. మా ఆడమనిషి మధ్యాన్నం నుంచి మంచినీళ్ళు గూడా ముట్టలేదు. దొంగ పెండ్లామని ఎవురో అన్నారంట."

శరత్ బాబు గుమ్మంలోకి వచ్చాడు. "తప్పు ఒప్పుకుంటే సరే, గురప్పా..."

"ఒప్పుకునేది లేదు సార్. తీసింటే కదా!" గురప్ప గొంతు పెరిగింది. "అమ్మ మనసు బాధపడకూడదని ఇస్తాండాను. అంతే."

నోటు ఆమె చేతి దగ్గరే ఆగి ఉంది. ఎన్నాళ్ళకో ఆమె ముందుకు వచ్చిన నోటు, అదీ తన అబద్ధం వల్ల. ఫ్లోరమ్మ గురప్ప చెయ్యి వెనక్కు తోసి రెండు చేతులూ జోడించింది.

"ఖాళీ కవరే వేస్తిని గురప్పా. నా దగ్గర ఏమీ లేకపోయె. సిగ్గుపడి అబద్ధం చెప్తిని. నన్ను క్షమించప్పా."

గురప్ప నోటు జేబులో పెట్టుకున్నాడు. పరవాలేదమ్మా అని మాత్రం అనలేదు. "ఆ మాట మా ఇంటిదానికి చెప్పాల నేను" అని గేటు వైపు నడిచాడు. అతని నడక చూసి ఫ్లోరమ్మకు నేలలోకి కుంగిపోవాలనిపించింది.

"ఏమ్మా ఇది? నన్ను అడిగింటే ఇయ్యనా?" శరత్ బాబు తల్లి దగ్గరికి వచ్చాడు.

"పొద్దున అడిగితిని కదప్పా. టిక్కు సూపిస్తివి."

అతను చేతిలోని ఫోను జేబులో వేసుకున్నాడు.

"నువ్వు నన్ను బాగానే సూసుకుంటాండావు, కాదనను. కానీ ప్రతిదానికీ ఎందుకు అంటే చెప్పలేక సచ్చిపోతాండాను శరత్. నా జీతంతో నిన్ను చదివిస్తిని. ఏ రోజన్నా నీ చేతిలో రూపాయి పెట్టి ఎందుకని అడిగింటినా?"

కెజియా పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "నేనైనా అడగల్సింది అత్తా. మీ కొడుకు ఇచ్చింటాడులే అనుకుంటిని."

శరత్ బాబు చెప్పులేసుకుని బయటికి వెళ్ళాడు. వీధి చివరి ఏటీఎం దాకా పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. అందులో డబ్బు లేదట. ఫోను నిండా డబ్బున్న మనిషి వీధిలో నిలబడి అటూ ఇటూ చూశాడు. చివరికి పక్కింటి ప్రహరీ దగ్గరికి పోయాడు. జాకెట్లు కుట్టే మైమూన్ బీ మిషను ముందు కూర్చుని ఉంది. కిటికీలోంచి ఫ్లోరమ్మ చూస్తూనే ఉంది.

"మైమూన్ బీ, ఒక ఐదు నూర్లు నోటు ఉంటే ఇస్తారా? ఇప్పుడే ఫోన్లో వేసేస్తాను."

"ఉండాది బాబూ, ఎందుకు?" అంది మైమూన్ బీ దారం తెంపుతూ, మామూలుగానే.

శరత్ బాబు నోరు తెరిచాడు. గోడ మీద చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది, చెవులు ఎర్రబడ్డాయి. అతను మెల్లగా తల తిప్పి కిటికీలో ఉన్న తల్లిని చూశాడు. ఫ్లోరమ్మ చూపు తిప్పేసుకుంది. కొడుకు తల వంగితే చూడటం ఆమె వల్ల కాలేదు.

శరత్ బాబు లోపలికి వచ్చి, మైమూన్ బీ ఇచ్చిన నోటు తల్లి చేతిలో పెట్టి, ఆ చేతిని తన కళ్ళకద్దుకున్నాడు. చెయ్యంతా తడిసింది. "రేపు నీ సిమ్ము నీ ఫోన్లో వేసిస్తానమ్మా. ఎట్ల పంపాలో నేర్పిస్తాను. నోట్లు కావాలంటే బ్యాంకుకు నేనే తీసుకపోతాను. ఎందుకని అడగను."

"పద, కమిటీ టైమైంది."

"నువ్వు వద్దమ్మా, నేను చెప్తాను."

"అబద్ధం చెప్పింది నేను కదా. నేనే చెప్పాల."

సాయంత్రం చర్చి గదిలో, అయ్యగారి ముందు, కమిటీ వాళ్ళందరి ముందు ఫ్లోరమ్మ నిలబడి చెప్పింది. శరత్ బాబు పక్కనే నిలబడి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "తప్పు మా అమ్మది కాదు, నాది. గురప్ప మీద నింద వేసింది కూడా నేనే" అని తలవంచుకున్నాడు. గురప్ప తలుపు దగ్గర భార్యతో పాటు నిలబడి విన్నాడు.

బయటికి వస్తూ ఫ్లోరమ్మ అతని ముందు ఆగింది. బైబిల్లోంచి కొత్త కవరు తీసి ఇచ్చింది. అంటించలేదు, నోరు తెరిచే ఉంది. "నా చేత్తో వెయ్యాలంటే నాకు మనసొప్పదు. నువ్వే పళ్ళెంలో పెట్టు గురప్పా. ఐదు నూర్లు ఉండాది, సూసుకో."

గురప్ప ఆమె ముఖంలోకి చూశాడు. భార్య వైపు చూశాడు. తర్వాత కవరు లోపలికి చూడకుండానే అంటించి, పళ్ళెంలో పెట్టి వచ్చాడు.

"వందనాలమ్మా" అన్నాడు, ప్రతి ఆదివారం పలకరించినట్టే.

అప్పటిదాకా బిగపట్టుకున్న ఫ్లోరమ్మ, ఆ మాటకు గుమ్మంలోనే కూలబడి ఏడ్చేసింది.