మంట నీలంగా ఉండాల

"మెకానిక్ యాడ?" అన్నాడు హెన్రీ, గేటు తీస్తూ.

"నీ ముందరే ఉండాది కదప్పా," అంది ఆ అమ్మాయి, స్కూటీకి స్టాండు వేస్తూ.

హెన్రీ ఆమె వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని రోడ్డు మీదికి తొంగిచూశాడు. కల్లూరులో స్టవ్‌లూ గ్యాస్ గీజర్లూ బాగుచేసే ఏసన్నకు ఫోన్ చేస్తే, ఆయన కూతురు వస్తుందని అతనికి ఎవరూ చెప్పలేదు. వచ్చిన పిల్ల జడను ముడి చుట్టుకుని, భుజాన టూల్ బ్యాగ్‌తో, పుట్టిల్లన్నంత ధీమాగా లోపలికి నడిచింది.

"మా నాయనకు మోకాళ్ల నొప్పులు. అంగట్లో కూచుంటాడు, తిరిగే పని నాది. పేరు మహిమ. గీజర్ యాడుండాది?"

బాత్రూమ్ గోడకు ఉంది. హెన్రీ తాత బతికున్నప్పుడు కొన్నది. కొత్తది కొందామంటే అవ్వ రాహేలమ్మ ఒప్పుకోదు. ఆ ఇంట్లో ఉండేది అవ్వా మనవడూ ఇద్దరే కాబట్టి, అవ్వ మాటే చట్టం.

"నిన్నట్నుంచి టిక్ టిక్ అని కూడా అంటల్యా," అన్నాడు హెన్రీ.

"సెల్స్ ఎప్పుడు మార్చినారు?"

"దీంట్లో సెల్స్ ఉంటాయా?"

మహిమ అతని వైపు చూసింది. ఆ చూపులో జాలి కొంచెం, నవ్వు చాలా. "లేకుంటే నిప్పురవ్వ యాడ్నుంచి వస్తాది? లోపల ఎవురన్నా అగ్గిపుల్ల గీస్తాంటారా?"

సెల్స్ మార్చగానే మంట భగ్గున వెలిగింది. వెళ్తూ వెళ్తూ ఆమె పైనున్న చిన్న కిటికీ చూపించింది. "దీన్ని ఎప్పుడూ తెరిచే పెట్టండి. మంట నీలంగా ఉండాల. రంగు మారితే ఫోన్ చేయండి."

హెన్రీ బుద్ధిగా తలూపాడు. అతని చెవికెక్కింది మాత్రం 'ఫోన్ చేయండి' అన్న చివరి ముక్కే.

దేవుడు దయగలవాడు. కొన్నాళ్లకే నీళ్లు సన్నగా రావడం మొదలై, గీజర్ వెలగడం మానేసింది. మహిమ వచ్చి పైపు విప్పి, లోపలి జల్లెడ తీసి చూపించింది. తెల్లగా ఉప్పు గడ్డకట్టి ఉంది.

"బోరు నీళ్లు కదా. నీళ్ల తోపుడు సరిగ్గా లేకుంటే గ్యాస్ తెరుచుకోదు. పాత బ్రష్షు, నిమ్మకాయ ఉంటే ఇయ్యి."

హెన్రీ పరుగెత్తి తెచ్చాడు. కంగారులో తన కొత్త బ్రష్షే తెచ్చాడు. ఆమె దాంతోనే జల్లెడ రుద్దింది, పెదవి కొరుక్కుని నవ్వాపుకుంటూ. రాహేలమ్మ కాఫీ ఇచ్చి, "ఏ సంఘానికి పోతారమ్మా?" అని మొదలుపెట్టి, వాళ్లమ్మ ఊరు దాకా ఆరా తీసింది.

ఆ తర్వాత గీజర్ రోజూ నిక్షేపంగా వెలిగింది. హెన్రీకి మాత్రం నిద్ర కరువైంది. ఒక సాయంత్రం ఉండబట్టలేక సెల్స్ తీసి తలకిందులుగా పెట్టి, ఫోన్ చేశాడు.

మహిమ సన్నటి తుంపరలో తడుస్తూ వచ్చింది. సెల్స్ డబ్బా తెరిచి చాలాసేపు చూసింది.

"సెల్సుకు కాళ్లొచ్చినట్టుండాదే. అట్లా తిరిగి ఇట్లా పండుకోనుండాయి."

"అవ్వ ముట్టుకోనుంటాది."

"నేనా?" వంటింట్లోంచి రాహేలమ్మ అరిచింది. "పొయ్యి కాడ్నుంచి కదిలితే ఒట్టురా!"

మహిమ సెల్స్ సరిగ్గా తిప్పి పెట్టింది. కాఫీ మాత్రం చల్లారేదాకా నిదానంగా తాగింది. మరుసటి వారం గ్యాస్ కుళాయి సగానికి తిరిగి ఉన్నప్పుడూ అంతే.

అంతలో ముసురు పట్టింది. బాత్రూమ్ కిటికీలోంచి జల్లు, చలిగాలి. తలుపు వెనక పాత సువార్త సభల ఫ్లెక్సీ ఒకటి చుట్టి ఉంది. వాక్యం రాసి ఉన్నదాన్ని పారేయకూడదని రాహేలమ్మ దాచింది. "దీన్నన్నా కొట్టురా, చలి ఎముకల్లోకి పోతాంది," అంటే హెన్రీ కిటికీకి అడ్డంగా బిగించి మేకులు కొట్టాడు.

రెండో రోజు పొద్దున అవ్వ స్నానానికి వెళ్లింది. లోపల్నుంచి, "ఒరే, మంట పసుప్పచ్చగా మండుతాందిరా!" అని కేకేసింది.

తన చేయి పడకుండానే రిపేరు! హెన్రీ సంబరంగా ఫోన్ కలిపాడు.

"ఈసారి ఏం పీకినావప్పా?" అంది మహిమ.

"నేనేం ముట్టుకోల్యా. మంట పసుపుగా వస్తాందంట."

"అంట అంటే? ఎవురు చెప్పినారు?"

"అవ్వ. నీళ్లు పోసుకుంటాంది. నిన్న కూడా స్నానం చేసొచ్చి తల తిరుగుతాందని పండుకున్యాది. బీపీ అనుకున్యాం."

"కిటికీ?"

"మూసినా."

"తలుపు కొట్టు! గ్యాస్ ఆపి అవ్వను బయటికి తీసుకురా. కిటికీ మూస్తే విషగాలి నిండుతాది. వాసన రాదు హెన్రీ, పానం తీస్తాది. ఉరుకు!"

తలుపు బాదితే జవాబు రాలేదు. భుజంతో గుద్దితే గడియ ఊడింది. రాహేలమ్మ చీర చుట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది, కళ్లు మూతలు పడుతున్నాయి. అతను ఎత్తుకుని వరండాలోకి తెచ్చేసరికి ఆటోతో సహా మహిమ గేటు దగ్గరుంది.

ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. గండం గడిచిందని డాక్టర్ చెప్పాక హెన్రీ వరండా బల్ల మీద కూలబడ్డాడు. మహిమ పక్కనే కూర్చుంది.

"సెల్స్ తిప్పింది నేనే," అన్నాడు. "కుళాయి కూడా."

"ఎరుకే."

"ఎరుకై కూడా ఎందుకొచ్చినావు?"

"నువ్వెందుకు పిలిచినావో నేనూ అందుకే వచ్చినా." ఆమె కళ్లు తుడుచుకుంది. "కానీ ఈ పొద్దు కూడా ఉత్తదే అనుకోని ఫోన్ పెట్టేసింటే? ఆ మాట తలుచుకుంటే నాకు నీ మీద కోపమొస్తాంది, నా మీదా వస్తాంది. ఇష్టముంటే నోరు తెరిచి చెప్పకూడదా?"

"భయమేసింది. రిపేరు లేకుంటే రావని."

"ఇంక రాను. ఆ గీజర్ పని అయిపోయింది, దానికి రిపేరు లేదు. నేనే విప్పి పారేస్తా."

అలా అన్నదే గానీ మహిమ లేవలేదు. అవ్వకు మెలకువ వచ్చేదాకా అతని పక్కనే కూర్చుంది.

ఇంటికొచ్చాక, గీజర్ పోతుందంటే రాహేలమ్మ అడ్డం చెప్పలేదు. ఫ్లెక్సీని మాత్రం మడతపెట్టి ఇమ్మంది. "వాక్యాన్ని గోడకు పెట్టుకో అవ్వా, గాలికి అడ్డం పెట్టొద్దు," అంది మహిమ. ఆ మాటకు ముసలామె ముచ్చటపడి, మనవడి వీపు మీద ఒకటి చరిచింది. "ఇంకా ఏం చూస్తాండావురా? వాళ్ల నాయన కాడికి పోదాం పా."

ఆ సాయంత్రం అవ్వా మనవడూ ఏసన్న అంగడి మెట్ల దగ్గర ఆటో దిగారు. లోపల మహిమ ఎవరిదో స్టవ్ బర్నర్ తుడుస్తోంది. ఏసన్న కళ్లజోడు పైకి తోసి చూశాడు.

"రాప్పా హెన్రీ. ఈసారి ఏం చెడిపోయింది?"

"ఏదీ చెడిపోలేదు మామా," అన్నాడు హెన్రీ. "మీ మహిమంటే నాకు శానా ఇష్టం. అది చెప్పనీకే వచ్చినా."

బర్నర్ తుడిచే చప్పుడు ఆగిపోయింది. ఏసన్న కూతురి వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు, అలాగని కాదనీ అనలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఆయన మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచాడు. మహిమ కంగారుగా, "ఏం కావాల నాయనా, నేను తెస్తా," అంది.

"నువ్వు ఆయప్ప పక్కన కూచోమ్మా," అన్నాడు ఏసన్న. "ఈ పొద్దు కాఫీ నేను పెడతా."